పొద్దు దగ్గర చిటిక

ముఖ్య అతిథి “రెండంటే రెండు ముక్కలు మాట్లాడి కూర్చుంటాను” అని మైకు అందుకున్నప్పుడే ఇంద్రసేనకు తెలిసిపోయింది, ఈ పూట తన పాటకు గండం వచ్చిందని. రెండు ముక్కలన్న పెద్దమనిషి రెండు ముక్కలతో ఊరుకోవడం చిక్కడపల్లిలోని ఈ హాల్లో అతను ఎన్నడూ చూడలేదు. స్టేజీ పక్కన తెర చాటున, ఒక కాలు పొట్టిదైన ఇనుప కుర్చీలో కూర్చుని, మెడకు మఫ్లరు చుట్టుకుని, ఫ్లాస్కు మూతలో వేడినీళ్ళు గుక్క గుక్కగా మింగుతున్నాడు. మింగిన ప్రతిసారీ గొంతులో గడ్డ నేనున్నానంటోంది. మంగళవారం ఆపరేషన్. గడ్డ తీసేస్తే ప్రాణానికి ఢోకా లేదన్నాడు డాక్టరు. ఆ తర్వాత కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, గొంతు మాత్రం మునుపటిలా ఉంటుందని చెప్పలేనన్నాడు. మాట వస్తుందా అని భార్య కమల అడిగింది. గుసగుసగానైనా వస్తుందమ్మా అన్నాడు. పాట సంగతి ఎవరూ అడగలేదు, అడగడానికి ఇంద్రసేనకు సిగ్గేసింది. యాభై దాటిన గుమాస్తా, ప్రాణం నిలుస్తుందంటే దేవుడికి దండం పెట్టుకోక పాట గురించి బెంగపడితే డాక్టరు ఏమనుకుంటాడు. కానీ బెంగంతా దాని గురించే. గొంతు ఉండగా ఈ స్టేజీ మీద ఒక్క పాట పాడుకుని పోవాలి. అంతకు మించి అతను ఇవాళ ఎవరినీ ఏమీ కోరడం లేదు.

లోపలికి గాలి రావడం లేదు. సన్మానానికి తెచ్చిన శాలువాల కట్ట పక్కనే బల్ల మీద ఉంది, వాటిలోంచి కలరా ఉండల వాసన వస్తోంది. ఈ శాలువాలు ఇప్పటికి ఎన్ని భుజాలు మారాయో, ఏ బీరువాలో పడుకుని ఏ సభలో మళ్ళీ లేస్తాయో పాత పాటల సమితి కార్యదర్శి గణేశ్‌కే తెలియాలి. “ఆనాటి పాట బంగారం, ఈనాటి పాట డబ్బాలో గులకరాళ్ళు” అంటున్నాడు ముఖ్య అతిథి. చప్పట్లు. ఇంద్రసేనకు విసుగొచ్చింది. ఈ మాట తనూ ఎన్నిసార్లు అన్నాడో, ఆఫీసు క్యాంటీనులో, హిమాయత్‌నగర్ క్యాసెట్ల దుకాణంలో, ఇదే స్టేజీ మీద. అదే బంగారాన్ని అప్పట్లో నాయన అరుగు మీద కూర్చుని తిట్టిపోసేవాడు, ఈ సినిమా పాటలొచ్చి పిల్లలు చెడిపోతున్నారని, భజన కీర్తనలు మరిచిపోతున్నారని. ఎవరి చిన్నతనం వాళ్ళకు బంగారం. అశోక్‌నగర్ హాస్టళ్ళలో చెవులకు వాక్‌మన్ తగిలించుకుని గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్న పిల్లలు కూడా జుట్టు నెరిశాక ఈ గులకరాళ్ళనే తలుచుకుని కళ్ళు తుడుచుకుంటారు. పాట వినబడ్డప్పుడు పక్కన ఎవరున్నారో వాళ్ళ కోసం ఏడుస్తాడు మనిషి, పేరు మాత్రం పాట మీద పెడతాడు. ఇంత కాలం పాడి అతను తెలుసుకున్నది ఇంతే, ఇది తెలిశాక పాత పాటల సభలంటే ఒంట్లో ఓపిక తగ్గిపోయింది. అయినా వచ్చాడు. అంతలో మైకు కీచుమంది, ముఖ్య అతిథి ఉలిక్కిపడి ఒకడుగు వెనక్కి వేశాడు, హాల్లో ఎవరో నవ్వారు. కీచుమన్న ప్రతిసారీ ఇంద్రసేనకు గుర్తొచ్చేది ఒకే మనిషి, మైకు సెట్టు మాసయ్య.

ఇక్కడికి కూతవేటు దూరంలోనే, ఇప్పుడు అపార్ట్‌మెంట్లు లేచిన చోట, పెంకుటిళ్ళ గల్లీ ఉండేది. గల్లీ చివర మాసయ్య ఇల్లు, ఇంటి ముందర గోడకు ఆనించిన భోంగా, గరాటాలాంటి పెద్ద లౌడుస్పీకరు. గల్లీలో పెళ్ళయినా, పురుడైనా, గణపతి పండుగైనా మాసయ్య రావాలి, వేపచెట్టుకు భోంగా కట్టాలి, పాటల పెట్టెకు కీ ఇవ్వాలి, సూది మార్చాలి, అన్నం పళ్ళెమంత నల్ల రికార్డును చొక్కా అంచుతో తుడిచి ముద్దొచ్చే బిడ్డను పడుకోబెట్టినట్టు పెట్టాలి. పిల్లలందరూ బల్ల చుట్టూ. ముట్టుకుంటే చెయ్యి విరుగుతుందనేవాడు గానీ ఎవరి చెయ్యీ విరగ్గొట్టలేదు. అన్నిట్లోకీ ఒక రికార్డంటే అతనికి పంచప్రాణాలు. ‘గడప దాటి పోయినావు, గాలికైనా చెప్పకుండా’ అని మొదలయ్యేది. పెళ్ళిలో రెండో బంతి భోజనాలకు కూర్చోగానే అది పడాల్సిందే. విడిచిపెట్టి పోయినవాళ్ళ పాట పెళ్ళి పందిట్లో ఎందుకని అడిగిన మొనగాడు లేడు. ఒక పెళ్ళిలో పప్పు చల్లారిందని మగపెళ్ళివాళ్ళు అలిగి లేచారు, తోపులాటలో ఎవరి మోచెయ్యో బల్లకు తగిలింది, సూది రికార్డు మీద అడ్డంగా గీసుకుపోయింది. చరణం నిజానికి ఇలా ఉండాలి: ‘మల్లెపందిరి వాడిపోయె, మాట ఇచ్చిన పొద్దు వాలె, ఎదురుచూపే ఊపిరాయె, ఎంత రేయైనా కన్ను మూయదు.’ ఆ గీత పడ్డాక ‘పొద్దు’ దగ్గరికి రాగానే సూది టక్కుమని ఎగిరి ‘కన్ను మూయదు’ మీద పడేది. మధ్యలో మాటలన్నీ గల్లంతు. మొదటిసారి పందిరంతా నవ్వింది, మాసయ్య మొహం చిన్నబోయింది. రెండోసారికి ఉపాయం ఆలోచించుకుని వచ్చాడు. సూది ఎగిరే క్షణానికి సరిగ్గా తల ఎగరేసి చిటిక వేశాడు, ఆ టక్కు కూడా పాటలోదే అన్నట్టు. పిల్లలు పట్టేశారు. నల్లా దగ్గర బిందె పెట్టి, గోళీలాడుతూ, బడికి పోతూ, ‘మల్లెపందిరి వాడిపోయె, మాట ఇచ్చిన పొద్దు’, చిటిక, ‘కన్ను మూయదు’. పెద్దవాళ్ళకూ అదే అలవాటైంది, ఆఖరికి పాటలు తిట్టే నాయన కూడా ఒకసారి గడ్డం గీసుకుంటూ చిటిక వేసి, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసుకున్నాడు. మాట ఇచ్చిన పొద్దు కన్ను మూయదు. ఇచ్చిన మాట తీరేదాకా పొద్దుకు నిద్ర పట్టదు కాబోలనుకునేవాడు ఇంద్రసేన. ఆ పాటలో అతనికి ఏ లోటూ కనబడలేదు.

“సార్,” అని గణేశ్ చెవి దగ్గరికి వంగాడు. చొక్కా చెమటకు తడిసి ఉంది. “జర పరేషాన్ అయితున్నది. తొమ్మిదిన్నరకు హాలు ఖాళీ చెయ్యాలె. ఇంక శాలువలు కప్పేదే ఉన్నది. మీ పాట వచ్చే నెల పెట్టుకుందామా? మొదటి పాట మీదే, నాది జిమ్మా.”

వచ్చే నెల. ఇంద్రసేన అతని మొహంలోకి చూశాడు. గణేశ్ చెడ్డవాడు కాదు, సమితి కోసం సొంత స్కూటరు అరగదీసుకుని తిరిగే మనిషి. గడ్డ సంగతి ఒక్క ముక్క చెబితే చాలు, ముఖ్య అతిథినైనా కూర్చోబెడతాడు. కానీ చెబితే ఊరుకుంటాడా, మైకులో చెబుతాడు, ఇదే చివరి పాట అంటాడు, హాలంతా లేచి నిలబడుతుంది, కలరా ఉండల శాలువా ఒకటి తన భుజాల మీదికీ వస్తుంది. బతికుండగానే సంతాప సభ. ఆ జాలి మధ్య పాట ఎలా వస్తుంది.

“ఈ నెలనే పాడుత గణేశ్,” అన్నాడు. “ఒక్క పల్లవి, ఒక్క చరణం. పొడుగు చెయ్య.”

“గొంతేంది సార్ గట్లున్నది, సర్దా?”

“ఆ, సర్దే.”

“సరె సార్, చూస్త,” అని గణేశ్ అటు వెళ్ళిపోయాడు. ‘చూస్తాం’ అన్న మాటకు అర్థమేమిటో ముప్పయ్యేళ్ళుగా ఆ మాటే చెప్పి జనాన్ని తిప్పి పంపిన గుమాస్తాకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఎవరో టీ ఇచ్చి పోయారు. తాగలేడు, గ్లాసు అరచేతుల మధ్య పెట్టుకున్నాడు, ఆ వేడికి నారాయణగూడ చౌరస్తా ఇరానీ హోటలు ఎదురుగా వచ్చి నిలబడింది. గల్లా పెట్టె పైన రేడియో, దాని మీద పూలగుడ్డ. కాలేజీ రోజులు, ఒక చాయ్‌ని ఇద్దరు పంచుకుని పూటంతా కూర్చునే రోజులు. కోరిన పాటలు వస్తున్నాయి, ఏవేవో ఊళ్ళ పేర్లు, అడిగినవాళ్ళ పేర్లు, వాళ్ళ అన్నదమ్ముల పేర్లు, ఆ తర్వాత ఉన్నట్టుండి ‘గడప దాటి పోయినావు’. గల్లీ పాట రేడియోలో. ఒళ్ళు పులకరించింది, ఇంటి మనిషిని పరాయి ఊళ్ళో చూసినట్టనిపించింది. బల్ల కింద చెయ్యి సిద్ధం చేసుకున్నాడు. ‘మాట ఇచ్చిన పొద్దు’, చిటిక వేశాడు, రేడియోలో గొంతు ఆగలేదు, ‘వాలె’ అంది, ఆ పైన ఎన్నడూ వినని మాటలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. “ఏందిర వీడు తప్పు పాడుతున్నడు” అన్నాడు ఇంద్రసేన పైకే. పక్కనున్న స్నేహితుడికి నవ్వొచ్చి చాయ్ ముక్కులోకి పోయింది. తప్పు ఎవరిదో ఆ రోజు తెలిసింది. చిన్నప్పటి నుంచి గల్లీ అంతా పాడుకున్నది విరిగిన పాట. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. సినిమా హాలు ముందు పేవ్‌మెంటు మీద పాత పాటల పుస్తకాలు అమ్మేవాడి దగ్గర వెతికి వెతికి ఆ పాట కొనుక్కుని, ఆ మాటలు ఎక్కాల్లా బట్టీ పట్టాడు. అప్పటి నుంచి స్టేజీ మీద ఎన్నడూ తప్పలేదు. పోటీల్లో కప్పులొచ్చాయి, పాత పాటంటే ఇంద్రసేన పాడాలన్నారు. ఇంట్లో మాత్రం సంగతి వేరు. గడ్డం గీసుకునేటప్పుడు, స్నానానికి నీళ్ళు తోడుకునేటప్పుడు, నోరు దాని దారిన అది గల్లీకి పోయేది, వేళ్ళు వాటి దారిన అవి చిటిక వేసేవి. కొత్త మాటలు ఎంత తోమినా చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళలాగే ఉండిపోయాయి.

గల్లీ ఎప్పుడో చెదిరిపోయింది. ఒకరు దిల్‌సుఖ్‌నగర్, ఒకరు కూకట్‌పల్లి, కొందరు ఎక్కడా లేరు. పక్కన కూర్చుని గట్టిగా చిటిక వెయ్యడం నేర్పిన దమయంతక్క, పోయిన ఏడాది ఎండాకాలంలో పోయింది. టేపురికార్డర్లు వచ్చాక, ఆ తర్వాత మనిషెత్తు స్పీకరు డబ్బాలు వచ్చాక మాసయ్యను పిలిచేవాళ్ళు లేక భోంగాలో కోళ్ళు పొదిగాయి. ముసలితనంలో అతన్ని వెతుక్కుంటూ పోయి, ఆ రికార్డు నాకివ్వు మాసయ్యా అని అడిగాడు ఇంద్రసేన. మాసయ్య మంచం మీంచి లేవకుండానే, “అది ఎప్పుడో ఇరిగిపాయె బిడ్డా,” అన్నాడు. “నీ నోట్ల ఉన్నది గద. అది సాలదా.” అప్పుడు నవ్వుకుంటూ వచ్చేశాడు. ఇప్పుడు, ఈ ఇనుప కుర్చీలో, ఆ మాట గొంతులో గడ్డకంటే గట్టిగా అడ్డం పడింది. మంగళవారం అదీ పోతుంది. మాసయ్య గీత పడ్డ పాట లోకంలో ఇంకెక్కడా ఉండదు. పోనీ ఇవాళ ఒక్కసారి అలాగే పాడేస్తేనో? కీబోర్డు వాయించే అనురాగ్ కుర్రవాడు, సరైన పాట క్యాసెట్లో విని సాధన చేసుకుని వచ్చాడు, నడి చరణంలో గోతిలో పడతాడు. వినేవాళ్ళు పాపం ఇంద్రసేన మరిచిపోయాడంటారు, ముసలాయనకు మతి తప్పిందంటారు. చివరి పాట తప్పు పాడి పోయాడనిపించుకోవడం అతనికి ఇష్టం లేదు. సరిగ్గానే పాడాలి. ఎప్పుడూ పాడినట్టే. నిర్ణయించుకున్నాక ఇంకా అలసటగా అనిపించింది.

తెర సందులోంచి చూస్తే మూడో వరసలో కమల. ఒళ్ళో సంచి, సంచి మీద రెండు చేతులు, బస్సు కోసం కూర్చున్నట్టుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతని పాట వినడానికి ఆమె హాలుకు రావడం ఇదే మొదలు. మొదట్లో రమ్మని బతిమాలేవాడు. “మీరు పాడితె అన్నం ఉడుకుతదా,” అనేది. ఇంట్లో పాడుతుంటే ఆమె చపాతీలు ఒత్తుకుంటూనో, పప్పులో రాళ్ళు ఏరుకుంటూనో ఉండేది, తల కూడా ఎత్తేది కాదు. “చెవిటోని ముందర శంఖం ఊదినట్టున్నది నా బతుకు,” అని అతను విసుక్కునేవాడు. “ఊదుండ్రి, ఎవరొద్దన్నరు,” అనేది ఆమె, చెయ్యి ఆపకుండానే. క్రమంగా ఆశ చచ్చిపోయింది, కోపం కూడా చచ్చిపోయింది. తన జీవితంలో సగం ఆమెకు పట్టదని ఒప్పుకుని కాపురం చేశాడు. ఇవాళ సాయంత్రం మఫ్లరు చుట్టుకుంటుంటే ఆమె మాట్లాడకుండా ఫ్లాస్కులో వేడినీళ్ళు పోసి, తనూ చెప్పులేసుకుంది. నువ్వెందుకంటే, “ఇంట్ల ఒక్కదాన్నే ఏం చెయ్యాలె,” అంది. జాలి. స్టేజీ మీద పడిపోతానేమోనని కాపలా. పాట వినాలని రాకుండా, రోగిని చూసుకోవాలని వచ్చింది. అది తలుచుకుంటే అతనికి ఏడుపొచ్చింది, గొంతు బిగుసుకుంటుందన్న భయంతో ఏడుపును మింగేశాడు.

రెండు ముక్కలు అయిపోయాయి. శాలువాలు భుజాలెక్కాయి, ఫోటోలు తీశారు, ఫోటో సరిగా రాలేదని మళ్ళీ కప్పి మళ్ళీ తీశారు. కుర్చీలు టపటప మడతపడుతున్నాయి, బస్సు దొరకదని జనం లేచి పోతున్నారు. అప్పుడు గణేశ్ చెయ్యి ఊపాడు. “సార్, రాండ్రి రాండ్రి. అయిదు నిమిషాలు.” మాట నిలబెట్టుకున్నాడు, పాపం. ఇంద్రసేన మఫ్లరు తీసి కుర్చీ మీద పెట్టి వెలుతురులోకి నడిచాడు. శ్రుతి ఎంత వెయ్యమంటారని అనురాగ్ కళ్ళతో అడిగాడు. “ఒకటి దించు బిడ్డా,” అన్నాడు. సగం ఖాళీ హాలు. తలుపు దగ్గర తాళాలు పట్టుకుని నిలబడ్డ వాచ్‌మన్. ‘గడప దాటి పోయినావు’, గొంతు గరగరమంది, మొదటి వరసలో ఎవరో మొహం పక్కకు తిప్పుకున్నారు, తిప్పుకోనీ, ‘గాలికైనా చెప్పకుండా’, కొంచెం దారి ఇచ్చింది గొంతు, పాత ఇంటి తలుపు కిర్రుమంటూ తెరుచుకున్నట్టు, లోపల ఎక్కడో వేపచెట్టు, నల్ల పళ్ళెం తిరుగుతోంది, అక్క పక్కన కూర్చుంది, రెండో బంతికి విస్తళ్ళు వేస్తున్నారు. నొప్పి ఉంది. ఉండనీ. ‘మల్లెపందిరి వాడిపోయె’, ఊపిరి సరిపోవడం లేదు, మునుపైతే ఈ రెండు వాక్యాలూ ఒక్క గుక్కలో లాగేసేవాడు, ‘మాట ఇచ్చిన పొద్దు’, ఇక కుదరదు, ఆగి గాలి పీల్చుకోక తప్పలేదు, ‘వాలె’ అనడానికి నోరు తెరిచాడు. ఆ ఖాళీలో, మూడో వరసలోంచి, టక్కుమని చిటిక.

చిన్న చిటిక, చపాతీల పిండి ఆరిన వేళ్ళతో వేసినట్టు పొడిగా. కమల అతని వైపు చూడటం లేదు. ముందు కుర్చీ వీపు వైపు చూస్తోంది. సంచి మీంచి ఒక చెయ్యి కాస్త లేచి ఉంది, లేచిన సంగతి ఆమెకే తెలిసినట్టు లేదు. మొహంలో నవ్వు లేదు, మెప్పు లేదు, ఆ పాట అక్కడ అలాగే ఉంటుంది, అంతే. హాలుకు ఎన్నడూ రాలేదు కాబట్టి సరైన పాట ఆమె ఎన్నడూ వినలేదు. విన్నదంతా ఇంట్లో పాటే. పొయ్యి దగ్గర తలెత్తకుండా, పప్పులో రాళ్ళు ఏరుతూ, ఇన్నేళ్ళూ ఒక్క పూట కూడా వదలకుండా విన్నది. ఎంత గుడ్డివాణ్ణి, అనుకున్నాడు ఇంద్రసేన. కీబోర్డు అతని కోసం ఆగకుండా ‘వాలె’ వాయించుకుంటూ ముందుకు పోయింది. అతను పోలేదు. మాసయ్య సూది ఎగిరిన చోటునే ఎగిరి, ఉన్న గొంతంతా పెట్టి, ‘కన్ను మూయదు’ మీద పడ్డాడు.

కొన్ని చప్పట్లు వచ్చాయి. అనురాగ్ వైర్లు చుట్టుకుంటూ, “సార్, నడుమల లైన్లు ఎగిరిపోయినయ్,” అన్నాడు నొచ్చుకుంటూ.

“ఎగిరిపోలె బిడ్డా,” అన్నాడు ఇంద్రసేన. సగం గాలే వచ్చింది. “మా గల్లీల అవి లెవ్వు.”

అర్థం కాకపోయినా అనురాగ్ తల ఊపాడు. వాచ్‌మన్ లైట్లు ఒక్కొక్కటే ఆర్పుతున్నాడు. కమల కుర్చీ మీది మఫ్లరు తెచ్చి అతని చేతికిచ్చింది, ఫ్లాస్కు మూత బిగించి అదీ ఇచ్చింది. ఇద్దరూ బయటికొచ్చి అశోక్‌నగర్ వైపు నడిచారు. పుస్తకాల దుకాణాల షట్టర్లు దించుతున్నారు, టీ కొట్టు ముందు హాస్టలు పిల్లలు గ్లాసులు పట్టుకుని ఏదో కొత్త పాట మీద వాదించుకుంటున్నారు. “మంచిగనె పాడిన్రు,” అంది కమల నడుస్తూనే. “ఇంట్ల పాడినట్టె పాడిన్రు.” ఎన్నాళ్ళ నుంచి వింటున్నావని అడగాలనుకున్నాడు. నోరు తెరిచాడు గానీ శబ్దం రాలేదు. గొంతు పూర్తిగా మూసుకుపోయింది. భయంతో ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“మాట్లాడకుండ్రి,” అంది కమల. “డాక్టరు ఒద్దన్నడు గద.”

గల్లీ మలుపు తిరిగారు. అక్కడ వీధి దీపం వెలగడం లేదు, రాళ్ళున్నాయని ఆమె ఒకడుగు ముందు నడిచింది. నడుస్తూ నడుస్తూ ఆమె మొదలుపెట్టింది, కూరగాయల ధరలు తనలో తను చెప్పుకున్నంత మెల్లగా, శ్రుతి ఒక చోట, మాట ఒక చోట. మల్లెపందిరి వాడిపోయె. మాట ఇచ్చిన పొద్దు. అక్కడ ఆగింది. వెనక్కి తిరగలేదు. ఎదురుచూస్తోంది.

ఇంద్రసేన ఫ్లాస్కును ఎడమ చేతిలోకి మార్చుకుని, చిటిక వేశాడు.

“కన్ను మూయదు,” అంది కమల.